తోలు రసీదు

బక్రీదు నాడు నమాజయి, కోతలయి
పొద్దు నడినెత్తి దాటినంక
మా యతీంఖానా ఆటో గల్లీలల్లకు దిగుతది.
లతీఫ్ సాబ్ గుట్ట కింద మొదలుపెట్టి
ప్రకాశం బజారు వెనుక దాకా
గడప గడపకూ ఒకటే మాట:
"తోలున్నదా అమ్మా, పిల్లలకు?"

పదేండ్లప్పుడు ఆ మాట అడిగినోణ్ణి నేనే.
అప్పుడు ఆటో లేదు, రిక్షా.
పచ్చి తోళ్ల మీద గోనెసంచి, సంచి మీద నేను,
నా ఒళ్లె రసీదుబుక్కు.
ముందట నడుసుకుంట హబీబుల్లా సాబు చెప్పేటోడు,
నేను రాసేటోణ్ణి.
మేకతోలు ఒకటి. పొట్టేలు తోళ్లు రెండు.
కింద కార్బను కాయితం,
నా అక్షరాలకు నీలంరంగు నీడ.

వత్తులు బడిల నేర్చినోళ్లుంటరు.
నాకు దాతల పేర్లల్లనే వచ్చినయి.
ఖుద్దూసుకు దావత్తు, జబ్బారుకు బావత్తు,
రజ్జాఖు కాడ ఎప్పుడూ తడబడుడే.

తోలుకు మూడు నూర్లు పలికిన కాలమది.
ఒక్క తోలంటే ఒకనికి చెప్పులు, లెక్కల పుస్తకం.
ఇరవై తోళ్లయితే
కురిసే గదికి కొత్త రేకులు.
మా నెత్తి మీది కప్పును నేను పేర్లతోని గుర్తుపట్టేటోణ్ణి.

నాకు అమ్మ ఉండె.
బయటోళ్లకు తెల్వదు,
యతీం అంటే నాయిన లేనోడు, అంతే.
మా నాయిన మిర్యాలగూడ రైసుమిల్లుల
బస్తాల వరుస కింద పడ్డడు.
అమ్మ దేవరకొండ దిక్కు పత్తి చేన్లల్ల.
కూలి దొరకని దినం చూసుకొని వచ్చేది,
గేటు కాడ నిలబెట్టి
నా చెవులెనుక మట్టి ఉన్నదా అని వెతికేది.
వేరే మాటలు మాకు తక్కువ.

ఒక బక్రీదుకు ఎర్రబస్సు దిగి
మేము తోళ్లు పరుస్తున్న కాడికే వచ్చింది.
కొంగుల ఒక పొట్లం.
"కోసుటానికి నాకు మేక లేదు సాబ్.
తోళ్లకు ఉప్పు పడ్తదంట గదా."
దొడ్డుప్పు. కిలో.

నేను సిగ్గుతోని తలకాయ వంచిన.
హబీబుల్లా సాబు పొట్లాన్ని రెండు చేతుల అందుకొని
నా దిక్కు మళ్లి, "రాయి" అన్నడు.
ఉప్పు, ఒక కిలో.
"దాత పేరు?"
నాకు తెల్వదా? పెన్నే కదలలే.
ఆమెనే చెప్పింది, ఎవరో పరాయి పిల్లగానికి చెప్పినట్టు:
"యాకూబీ."

యాకూబీకి వత్తు లేదు.
అయినా ఆ బుక్కుల నేను
అన్నిటికంటె గట్టిగ ఒత్తి రాసింది ఆ పేరే.
కార్బను దాటి
అడుగున ఇంకో రెండు కాయితాలల్ల దిగింది.

ఇప్పుడు తోలు కొనేటోడు లేడు.
పోయినేడు పది రూపాలు,
ఈయేడు "పడేసినా పడేయుండ్రి" అన్నడు సేటు.
తోలు కంటె ఉప్పు పిరం.
కమిటీల కొందరు, ఆటో డీజిలు దండుగ,
గోడకు క్యూఆర్ కోడు అతికిద్దామన్నరు.
అతికిచ్చినం. పైసలు వస్తున్నయి, అబద్ధమెందుకు.
అరవై రెండు మంది తింటున్నరు,
ఏడుగురు ఇంటరు, ఒకామె నర్సింగు.

అయినా నేను ఆటో తీసిన.
తోలు పట్టుకొని గడపల నిలబడ్డోళ్లను
ఏమని వాపసు పొమ్మంటం?

వెనుక సీట్ల అంకూస్, ఆరో తరగతి,
ఒక చెయ్యి ముక్కు మీద, ఒక చెయ్యి రసీదు మీద.
"సార్, విలువ అని ఉన్న కాడ
సున్నా పెట్టాల్నా?"

"ఆ గీత వదిలెయ్ బిడ్డా.
పేరు రాయి. తప్పు పోకుండ రాయి."

వాడు కాసేపు ఆలోచించి
పెన్ను కొస పంటికింద పెట్టుకొని
"ఉప్పగున్నది సార్" అన్నడు.